రూట్ కెనాల్ చేయించుకుంటూ తెలుసుకున్న పంటి నిర్మాణం

కింది దవడలో మొదటి పెద్ద దంతం చల్లని నీళ్లకు జివ్వుమనడం మొదలైనప్పుడు, దాని మీద చిన్న నల్లచుక్క తప్ప నాకేమీ కనిపించలేదు. విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక దంతవైద్యురాలు ఎక్స్‌రే తీసి చూపించాకే, పైన గుండుసూది మొనంత ఉన్న రంధ్రం లోపల ఎంత వెడల్పయిందో తెలిసింది.

పైపొర అయిన ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. శరీరంలో అంతకంటే గట్టి పదార్థం లేదు. అయితే దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే నశిస్తాయి కనుక, గుంట పడితే తిరిగి పూడదు. దాని కింది డెంటిన్‌లో ఖనిజం 70 శాతమే, మిగిలినది ఎక్కువగా కొల్లాజెన్ అనే ప్రొటీన్, నీరు. అందుకే పుచ్చు అక్కడికి చేరగానే త్వరగా పక్కలకు పాకుతుంది. డెంటిన్ నిండా కంటికి కనిపించని సన్నని గొట్టాలు ఉంటాయని, వాటిలోని ద్రవం చల్లదనానికి కదిలి లోపలి నరాలను రేపుతుందని డాక్టరు గారు చెప్పినప్పుడు నా జివ్వుకు కారణం అర్థమైంది.

తరువాత నొప్పి తీరు మారింది. రాత్రి పడుకోగానే పోటు పెరిగేది. డెంటిన్ లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని పల్ప్ వాచినా, చుట్టూ గట్టి గోడలే కాబట్టి ఆ వాపుకు చోటు ఉండదు. ఈ దశలో మాత్రలతో రోజులు నెట్టడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పంటి చుట్టూ రబ్బరు షీటు బిగించి, పైనుంచి తెరిచారు. రెండు వేర్లలో మూడు కాలువలు ఉన్నాయి; వాటి పొడవు కొలిచి, ఫైళ్లనే సూదుల్లాంటి సన్నని పరికరాలతో శుభ్రం చేసి, క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రవంతో కడిగి, చివరకు గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో నింపారు. మత్తు వల్ల ఒత్తిడి తప్ప నొప్పి తెలియలేదు. ఇంత తొలిచిన పన్ను నమిలేటప్పుడు చీలవచ్చని, చీలిక వేరుదాకా పోతే పీకక తప్పదని చెప్పడంతో, నొప్పి పోయిందని ఊరుకోక క్యాప్ కూడా వేయించుకున్నాను.

ఇప్పుడు ఆ పంటికి చల్లదనం తెలియదు. అన్నంలో రాయి తగిలితే మాత్రం వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే వేరు మీది సిమెంటమ్ అనే గట్టి పొరను దవడ ఎముకతో కలిపే నారపొరకు వేరే నరాలు ఉన్నాయి. చికిత్సలో తీసివేసింది పల్ప్‌నే గాని వాటిని కాదు.