మా రాజాం చిరునామా, నా జేసన్ పాయింటర్లు

మా తాతగారు పుట్టినప్పుడు రాజాం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. నాన్నా నేనూ ఆ జిల్లా వాళ్లుగానే పెరిగాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. ఇల్లు అదే, వీధి అదే. నా పాస్‌పోర్టులో శ్రీకాకుళం అని ఉంటుంది, ఇంటి దగ్గర నుంచి వచ్చే కొత్త కాగితాల్లో విజయనగరం అని. సింగపూర్‌లో ఏ ఫారం నింపినా రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఇందులో ఏది నిజం అని అడుగుతారు. రెండూ నిజమే.

నా ఉద్యోగం కూడా ఇలాంటి ప్రశ్నతోనే నడుస్తుంది. షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో పనిచేసే కార్మికుల రికార్డులు చూసే సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఉంటాను. సోంపేట, కంచిలి, టెక్కలి వైపు నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది. ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీద నడిస్తే మన యాస చెవిన పడుతూనే ఉంటుంది. వాళ్లలో ఒక్కొక్కరికి మా దగ్గర ఒక జేసన్ డాక్యుమెంట్ ఉంటుంది. జేసన్ (JSON) అంటే విలువలకు 'కీ' అనే పేర్లు తగిలించి డేటా రాసే పద్ధతి. అందులో పేరు, చిరునామా, పత్రాలు, జీతం అన్నీ ఒకదానిలో ఒకటిగా అమర్చి ఉంటాయి.

ఆ డాక్యుమెంట్‌లో ఒక విలువ ఎక్కడుందో చెప్పే పద్ధతే జేసన్ పాయింటర్. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ సంస్థ 2013 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ అనే ప్రమాణ పత్రాల వరసలో 6901గా దీన్ని ప్రచురించింది. ఒక్కో మెట్టు ముందు ఒక స్లాష్ పెట్టి రాసే దారి ఇది. మా కోడ్‌లో కీలు ఇంగ్లీషులో ఉంటాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను: /పత్రాలు/1/గడువు. అంటే పత్రాల జాబితాలో రెండోదాని గడువు తేదీ, ఎందుకంటే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఏమీ రాయని ఖాళీ పాయింటర్ మొత్తం డాక్యుమెంట్‌ని చూపిస్తుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో జేసన్‌పాయింటర్ అనే చిన్న లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, ఉంది. డాక్యుమెంటూ దారీ ఇస్తే విలువ తీసి చేతిలో పెడుతుంది. నాకు చాలా ఇష్టమైన లైబ్రరీ అది. పదిమంది రాసే కోడ్‌లో ఏ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క వరుసలో కనబడటం చిన్న మేలు కాదు.

అయితే పాయింటర్ చెప్పేది దారి మాత్రమే. ఆ చివర ఉన్నది ఏమిటో దానికి తెలియదు. ఊళ్లో 'బస్టాండ్ దాటాక ఎడం చేతివైపు మూడో ఇల్లు' అని చెప్తాం కదా, మధ్యలో ఎవరో కొత్త ఇల్లు కట్టుకుంటే మనం వేరేవాళ్ల తలుపు తడతాం.

ఒక రాత్రి డార్మిటరీ నుంచి సోంపేట వైపు వెల్డర్ ఒకాయన ఫోన్ చేశాడు. వయసులో నాకంటే పెద్ద, నేను అన్నా అని పిలుస్తాను.

"తమ్ముడూ, నా పర్మిట్ ఈ వారంతో అయిపోతాదని మెసేజ్ వచ్చీసింది. మొన్ననే కదా రెన్యువల్ చేసినారు? ఏటి సేయమంటావు? ఇంటికి చెప్పలేదు, మా ఇంటిది బెంగెట్టీసుకుంటాది."

ఆయన గొంతులో టెన్షన్ నాకు అర్థమైంది. వర్క్ పర్మిట్ మామూలుగా రెండేళ్ల వరకే ఇస్తారు. దాని మీదే ఇక్కడి పని, ఇంటికి పంపే డబ్బు, ఊళ్లో చేసిన అప్పు అన్నీ ఆధారపడి ఉంటాయి. ఆ తేదీ తప్పు చూపించడం మామూలు బగ్ కాదు.

ఉదయం టీమ్ అంతా కూర్చుని చూస్తే కారణం దొరికింది. మాకు డేటా పంపే ఒక ఏజెన్సీ పత్రాల జాబితాలో పాస్‌పోర్టుకీ పర్మిట్‌కీ మధ్యలో సేఫ్టీ కోర్సు సర్టిఫికెట్ చేర్చింది. పాత పాయింటర్ /పత్రాలు/1/గడువు అలాగే ఉంది. ఇప్పుడు ఆ ఒకటో నంబర్‌లో ఉన్నది సర్టిఫికెట్. లైబ్రరీ అడిగిన చోటికే వెళ్లి, అక్కడ ఉన్నదే తెచ్చింది. ఎక్కడా ఎర్రర్ రాలేదు, ఎందుకంటే అక్కడా గడువు అనే కీ ఉంది, అందులోనూ ఒక తేదీ ఉంది. ఈ అన్నకు తప్పుడు మెసేజ్ వెళ్లింది. ఇంకొందరికి నిజంగానే పర్మిట్ దగ్గరపడుతోంది, సర్టిఫికెట్ మాత్రం కొత్తది. వాళ్లకు అసలు మెసేజే వెళ్లలేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది ఈ రెండో సంగతే. ఫోన్ చేసేవాడు ఉంటే తప్పు బయటపడుతుంది, ఫోన్ రానిచోట ఎవరూ వెతకరు.

జేసన్ పాయింటర్‌తో 'రకం పర్మిట్ అయినదాన్ని తీసుకురా' అని అడగలేం. అలాంటి వెతుకులాటకు జేసన్‌పాత్ ఉంది, అది 2024 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 9535గా వచ్చింది. మేము మాత్రం జాబితా పద్ధతే తీసేయించి, ఒక్కో పత్రానికి దాని పేరుతోనే కీ పెట్టించాం: /పత్రాలు/పర్మిట్/గడువు. మధ్యలో ఎన్ని చేరినా ఈ దారి తప్పదు. జాబితా తప్పనిసరి అయినచోట మార్పు చేసే ముందు జేసన్ ప్యాచ్‌లోని 'టెస్ట్' వాడుతున్నాం. డాక్యుమెంట్‌లో చేయాల్సిన మార్పులను వరుసగా రాసే పద్ధతే జేసన్ ప్యాచ్. అది ఆర్‌ఎఫ్‌సీ 6902, పాయింటర్‌తోపాటే వచ్చింది. ముందు /పత్రాలు/1/రకం విలువ పర్మిటేనా అని చూస్తుంది, కాకపోతే ప్యాచ్ మొత్తం ఆగిపోతుంది.

డిఫాల్ట్ విలువ, అంటే అసలుది దొరకనప్పుడు బదులు వాడేది, దాని గురించి కూడా అప్పుడే తేల్చుకున్నాం. దారి దొరక్కపోతే లైబ్రరీ ఎర్రర్ ఇస్తుంది, డిఫాల్ట్ ఇచ్చి ఉంటే మాట్లాడకుండా అదే ఇస్తుంది. ముద్దుపేరు లేకపోతే ఖాళీ చూపించినా నష్టం లేదు. పర్మిట్ తేదీ లేకపోతే ప్రోగ్రాం గట్టిగా అరిచి ఆగాలి. తేదీలు, డబ్బు, పాస్‌పోర్టు నంబర్ల దగ్గర డిఫాల్ట్ ఇవ్వకూడదని మా టీమ్‌లో ఇప్పుడు ఖచ్చితమైన నియమం.

జిల్లాల సంగతీ ఇదే. పాత రికార్డుల్లో జిల్లా కింద మండలం ఉండేది: /శ్రీకాకుళం/రాజాం, /శ్రీకాకుళం/పాలకొండ. 2022 తర్వాతి పట్టికలో రాజాం విజయనగరం కింద, పాలకొండ పార్వతీపురం మన్యం కింద ఉన్నాయి. పాత దారులన్నీ తెగిపోయాయి. ఇప్పుడు మండలాన్నే పైమెట్టుగా పెట్టి, జిల్లాను దాని లోపల తేదీతో సహా రాస్తున్నాం. దీనికోసం నేను మీటింగ్‌లో గట్టిగా వాదించాను. జిల్లాలు మారడం ఆ మీటింగ్‌లోని మిగతావాళ్లకు ఎప్పుడో ఒకసారి జరిగే వింత. మాకు అలా కాదు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి కూడా శ్రీకాకుళం నుంచి ఇలాగే వెళ్లాయి.

ఆఫీసు పని కాక, మనవాళ్ల కోసం తెలుగులో ఒక పట్టిక నడుపుతున్నాను. ఎవరి పత్రం ఎప్పుడు అయిపోతుందో ఊళ్లో ఉన్న ఇంటివాళ్లు ఫోన్‌లో చదువుకోవడానికి. అక్కడ వేరే చిక్కులు వచ్చాయి. మన ఫారాల్లో 'తండ్రి/భర్త పేరు' అని ఉంటుంది, డోర్ నంబర్ '2-45/1' అని ఉంటుంది. కీలో స్లాష్ ఉంటే పాయింటర్ దాన్ని ఇంకో మెట్టు అనుకుంటుంది. అందుకే స్లాష్ బదులు ~1, అసలు ~ గుర్తు బదులు ~0 రాయాలి. విప్పేటప్పుడు ముందు ~1, తర్వాత ~0. వరస తిప్పితే ~01 అన్నది ~1 కావాల్సిందిపోయి స్లాష్ అయిపోతుంది. లైబ్రరీ ఇదంతా చూసుకుంటుంది, స్ట్రింగ్‌ను చేత్తో ముక్కలు చేసేవాళ్లే ఇరుక్కుంటారు.

ఎక్కువసేపు తిప్పలు పెట్టింది మాత్రం మన ఐత్వం. విజయనగరం వైపు పైడిరాజు, పైడితల్లి అనే పేర్లు ఇంటింటా ఉంటాయి. కంప్యూటర్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె కేటాయించే యూనికోడ్‌లో 'ై' ఒకే అక్షరంగానూ ఉండొచ్చు, ఎత్వమూ కింది గుర్తూ కలిపి రెండుగానూ ఉండొచ్చు. తెర మీద రెండూ ఒకటే. కానీ పాయింటర్ ఆ అక్షరాల కోడ్ అంకెలనే పోల్చుతుంది, యూనికోడ్ రూపాలను సమానం చేయదని ఆర్‌ఎఫ్‌సీ స్పష్టంగా చెబుతుంది. అందువల్ల పైడిరాజు ఎదురుగా కనబడుతున్నా 'లేడు' అని వచ్చేది. ఇప్పుడు ఫైలు తెరవగానే కీలనూ పాయింటర్లనూ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ఇలాంటి ముక్కలను ఒకే అక్షరంగా కలిపే యూనికోడ్ రూపంలోకి, మార్చాకే వెతుకుతున్నాను. వచ్చే ఆదివారం సోంపేట అన్న తన గదిలోవాళ్ల పత్రాలన్నీ తెస్తానన్నాడు, అవీ ఇందులోకి ఎక్కించాలి.