సీడీ అడిగితే చిందులు తొక్కారు

అమ్మకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆఖర్న లోపల్నించి రేడియేషన్ ఇచ్చే బ్రాకీథెరపీ, అన్నీ అయ్యాయి. మూడు నెలలాగి ఎమ్మారై తీయించమన్నారు. మొదటిది తీసిన సెంటర్లోనే తీయించాం. స్కాన్ తేలిగ్గానే అయిపోయింది. పేగులు కదలకుండా ఒక ఇంజెక్షన్ ఇచ్చారు, అంతే.

రిపోర్టులో మాత్రం 'డిఫ్యూజన్‌లో కొంత తెలుపు ఉంది' అని రాశారు. మాకు గుండె జారిపోయింది. డాక్టరమ్మ తాపీగా చెప్పింది. డిఫ్యూజన్ అంటే ఒంట్లో నీరు ఎంత తేలిగ్గా కదులుతోందో చూపే ఎమ్మారై బొమ్మ. గడ్డలో కణాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి నీటికి కదిలే చోటుండదు. అందుకే డిఫ్యూజన్ బొమ్మలో తెల్లగా, ఆ కదలికని అంకెల్లో కొలిచే ఏడీసీ మ్యాపులో నల్లగా పడుతుంది. రేడియేషన్ వాపైతే రెంటిలోనూ తెల్లగానే ఉండొచ్చు. "మ్యాపు చూసి, పాత స్కాన్‌తో పోల్చి కొలవాలి. సీడీలు ఇవ్వు" అంది. తీరా పెట్టి చూస్తే రెంటిలోనూ ఉత్త ఫోటోలే. ఫోటో మీద ఏడీసీ కొలవడం కుదరదట, మిషన్ తీసిన కొలతలన్నీ ఉండే అసలు ఫైళ్లు, అంటే డైకామ్ ఫైళ్లు కావాలట.

అలా ఆ కౌంటరు దగ్గరికి వెళ్లాను. అమ్మ కూడా వచ్చింది.

"ఫిల్ములిచ్చాంగా, ఇంకేం కావాలి?" అన్నాడు తలెత్తకుండా. ఏడీసీ మ్యాపు అన్నాను. "నువ్వేమన్నా డాక్టరువా?" అని, లోపలికి తిరిగి హాలంతా వినపడేలా అరిచాడు: "ఇదిగో, గర్భసంచి క్యాన్సర్ కేసంట, పాత సీడీలు కావాలంట!" కుర్చీల్లో వాళ్లందరూ ఇటే తిరిగారు. అమ్మ పమిట భుజం చుట్టూ లాక్కుని గోడకేసి చూస్తూ నిలబడింది. ఒంట్లో బాలేని మనిషి తలొంచుకోవాలా, అరిచినవాడు కాదా? ఆ మాటే పైకి అనేశాను. దాంతో వాడికి రోషం పొడుచుకొచ్చింది. డాక్టర్ చీటీ కావాలన్నాడు. చీటీ చూపిస్తే దానిమీద స్టాంపు లేదన్నాడు. స్టాంపు వేయించుకొస్తే మేనేజరు భోజనానికి వెళ్లాడన్నాడు. డబ్బులు కట్టేటప్పుడు ఏ మేనేజరూ భోజనానికి వెళ్లడు, గమనించారా?

చివరికి లోపల మిషన్ దగ్గరుండే కుర్రాడు బయటికొచ్చి, "ఏడీసీతో సహా కావాలా అక్కా? బీ సున్నా, బీ 800 కూడా వేసిస్తాను" అని (ఏడీసీ లెక్కగట్టే అసలు డిఫ్యూజన్ బొమ్మల పేర్లవి) కాసేపట్లో రెండు సీడీలూ చేతిలో పెట్టాడు. పనంతా ఇంతే!

మీరైతే డబ్బు కట్టకముందే అడగండి, డైకామ్ ఇస్తారా, అందులో ఏడీసీ మ్యాపు ఉంటుందా అని. నీళ్లు నమిలితే ఇంకో సెంటరుకి పోండి. మిషన్ అయస్కాంతం ఎంత బలమైందో చెప్పే '3 టెస్లా' అని గేటు మీద రాసుకున్నంత మాత్రాన సరిపోదు.

డాక్టరమ్మ రెండు స్కాన్లలోనూ అదే చోట సున్నా చుట్టి కొలిచింది. అప్పట్లో 0.8, ఇప్పుడు 1.5. చదరపు మిల్లీమీటరులో వెయ్యో వంతు, సెకనుకి, అదీ లెక్క. అంకె పెరిగితే నీరు తేలిగ్గా కదులుతున్నట్టు. మ్యాపులో కూడా తెల్లగానే ఉంది. "అంకె ఒక్కటే చూసి సంబరపడకు" అని అమ్మని లోపల పరీక్ష చేసొచ్చి, అప్పుడు నవ్వింది. వాపేనట.

ఇంకోసారి స్కాన్ ఉంటుందంది. మిషన్ మారితే అంకెలు కూడా అటూఇటూ అవుతాయట, పోలిక నిలవాలంటే అక్కడే తీయించాలట. ఆ కౌంటరు వాడి మొహం మళ్లీ చూడక తప్పదన్నమాట. ఈసారి స్టాంపు వేసిన చీటీ ముందే పర్సులో పెట్టుకున్నాను.