అడ్డసరం పొద

పొద్దున చిన్నది ఫోను చేసింది, ఉద్యోగం ఖాయమైందట. సంతోషం. దాని గురించి తీరికగా రేపు రాస్తాను. ఇప్పుడు మనసంతా వేరే చోట ఉంది.

వెనక గోడ పక్కనున్న అడ్డసరాన్ని, అదే దగ్గుకు ఆకు వాడే పొదను, మొదలంటా కొట్టించేశారు. మళ్ళీ మన అపార్టుమెంటు కార్యదర్శిగారే. నేను కిందికి దిగేసరికి కొమ్మలన్నీ చెత్తబండి ఎక్కాయి. "పిచ్చిమొక్కలమ్మా, క్రోటన్లు పెట్టిస్తున్నాం" అన్నారు. నీళ్ళు కూడా అడగని మొక్క అది. చేదుకు మేకలు ముట్టవని పల్లెల్లో దడికి పెట్టేవారు. చలికాలమంతా దగ్గుమందు సీసాలు ఖాళీ చేసే మనిషి ఆయన. ఆ మందుల్లో వాడే బ్రోమ్‌హెక్సిన్‌ను ఈ ఆకులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే తయారుచేశారని చెప్పబోతే, ఫోను వస్తోందంటూ వెళ్ళిపోయారు.

అమ్మమ్మ అయితే ఊరుకునేది కాదు. అడ్డసరం ఆకును పచ్చిగా ఎంత నలిపినా రసం దిగదు. అమ్మమ్మ ఇడ్లీ రేకుల మీద ఆకులు పరిచి ఆవిరి పట్టేది. వాడి మెత్తబడ్డాక పలుచని గుడ్డలో కట్టి రెండు చేతులా మెలిపెడితే, ముదురు పసరు బొట్లు బొట్లుగా గిన్నెలోకి దిగేది. గంపెడు ఆకుకు గరిటెడు రసం. తేనెతో రంగరించి నాకించేది. తేనె ముందు తగిలి, చేదు తర్వాత గొంతు పట్టుకునేది. కానీ ఆకు కోయడానికి ముందే ప్రశ్నలు మొదలయ్యేవి. పొడిదగ్గా, కఫమా? ఎన్నాళ్ళ నుంచి? పెళ్ళయిన ఆడపిల్లయితే పక్కకు పిలిచి "నెల తప్పావా?" అని అడిగేది. అవునంటే ఆకు జోలికే వెళ్ళేది కాదు. అడ్డసరానికి గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఉంది.

ఇది రాస్తుంటే తెలుస్తోంది, నాకు నిద్ర పట్టనివ్వనిది కార్యదర్శిగారు కాదు. మూడో అంతస్తు అమ్మాయికి అయిదో నెల. దగ్గు తగ్గడం లేదని సాయంత్రం వాట్సాప్‌లో పెట్టింది. యోగా నేర్పే పెద్దాయన వెంటనే "అడ్డసరం కషాయం, పూటకో గ్లాసు. ప్రకృతి మందుతో నష్టం ఉండదు" అని రాశారు. కింద వరసగా దండాలు! గన్నేరు ప్రకృతి కాదా? కరోనా రోజుల్లో తిప్పతీగనూ ఇలాగే తాగారు. అది వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు రాస్తే, దాన్ని పోలిన వేరే తీగ అయివుండవచ్చని ఆయుష్ శాఖ అంది. అదే నిజమైతే ఇంకా భయం కదా? బేగంబజార్‌లో ఎండుముక్కలు కొనేవాళ్ళలో ఏ తీగ ఏదో గుర్తుపట్టేవాళ్ళు ఎంతమంది?

పొద పోవడమే మంచిదయిందేమో అని కూడా అనిపించింది. ఉంటే ఆ అమ్మాయి తెల్లవారగానే కోసుకునేది.

గొడవెందుకని ఈయన వద్దంటున్నా గ్రూపులోనే రాశాను: "గర్భిణులకు అడ్డసరం వద్దు. ముందు మీ డాక్టరమ్మను అడగండి." పెద్దాయన నుంచి ఉలుకూ పలుకూ లేదు. అమ్మాయి మాత్రం వెంటనే ఫోను చేసింది. పొడి అప్పుడే ఆన్‌లైన్‌లో తెప్పించేసుకుందట, గంటలో ఇంటికి తెచ్చిచ్చారట. డబ్బా మూత తీయవద్దని చెప్పాను.