అంతరిక్ష నౌక మోడల్ మీద గీతలు: అతుకు దగ్గర నేను పడిన పాట్లు

ప్లాస్టిక్ కిట్‌తో కడుతున్న నా సరుకు నౌకకు ఆఖరి ప్యానెల్ గీత, అంటే లోహపు పలకల మధ్య సందులా కనిపించేలా గీసే గాడి, నిన్న రాత్రి పూర్తయింది. గొట్టం లాంటి ఒంటి చుట్టూ తిరిగి, పైనా కిందా ఒంటి సగాలు కలిసే రెండు అతుకులను దాటుకుని, మొదలైన చోటికే వచ్చి కలిసింది. ఈ ఒక్క పనిని ఎలా చెయ్యాలో తిన్నగా చెప్పినవాళ్లు నాకు దొరకలేదు. ఎంత వివరంగా నేర్పేవాళ్లయినా సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి మాట దాటేస్తారు. ఆ కోపం చల్లారకముందే రాస్తున్నాను.

కిట్ పెట్టె మీద స్కేలు 1/350 అని ఉంది. మోడల్ పొడవు 40 సెంటీమీటర్లు. అంటే అసలు నౌక 140 మీటర్లు ఉండాలి. అంత నౌకకు కంపెనీ ఇచ్చినది కుడి, ఎడమ సగాలుగా వచ్చిన ఒక నున్నటి గొట్టం. దాని మీద గీత లేదు, తలుపు లేదు, బొడిపె లేదు. కొలత పట్టుకోవడానికి కంటికి ఏదో ఒక ఆధారం దొరకాలి. అది లేకపోతే ఎంత మంచి రంగు వేసినా నౌక సబ్బుపెట్టెలాగే ఉంటుంది.

ఏ పనికైనా ముందు నేను చేసినది లెక్క. ఈ స్కేలులో మోడల్ మీద 1 మిల్లీమీటరు అసలు నౌక మీద 35 సెంటీమీటర్లు. 0.3 మి.మీ. వెడల్పు గీత గీస్తే అది 10 సెంటీమీటర్లు దాటిన సందు. లోహపు పలకల మధ్య చెయ్యి పట్టేంత సందు ఏ నౌకకు ఉంటుంది? అందుకే 0.15 మి.మీ. మొన ఉన్న స్క్రైబర్, అంటే ప్లాస్టిక్ మీద గాడి గీసే పరికరం, తీసుకున్నాను. అదైనా 5 సెంటీమీటర్ల పైచిలుకే, కానీ కన్ను ఒప్పుకుంటుంది. చాలా మంది ఈ లెక్క వెయ్యరు. వాళ్ల నౌకలు దూరం నుంచి ఇటుక గోడల్లా కనిపించడానికి కారణం అదే.

ఉబ్బెత్తు పలకల పని సాఫీగా సాగింది. 0.13 మి.మీ. మందం పాలిస్టైరీన్ షీటును కత్తిరించి అంటించాను. ప్లాస్టిక్‌ను అతికించే ద్రవ సిమెంటు ఒక చుక్క ఎక్కువైతే ఆ పలచటి షీటు మెత్తబడి ముడుచుకుంటుంది కాబట్టి కుంచె కొనతో అంచుకు తాకిస్తే చాలు. పొడుచుకొచ్చే చిన్న చిన్న భాగాలను పాత కిట్లలో మిగిలిన ముక్కలతో పెట్టాను. యాంటెన్నాలకు స్ప్రూ పుల్లను (కిట్ ముక్కలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం పుల్లను) మంట సెగ మీద మెత్తబరిచి సన్నని తీగలా సాగదీశాను. ఇవన్నీ సులువే.

ఆ చిన్న ముక్కల గురించి మాత్రం ఒక మాట. 1977లో వచ్చిన స్టార్ వార్స్ కోసం నౌకల మోడళ్లు చేసినవాళ్లు యుద్ధ ట్యాంకుల, విమానాల కిట్ల నుంచి ముక్కలు తీసి అతికించారని అందరికీ తెలుసు. అది చదివి ట్యాంకు చక్రాలను తెచ్చి ఎక్కడపడితే అక్కడ అంటించేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. ఆ చిత్రంలోని మిలీనియం ఫాల్కన్ మోడల్ సుమారు 5 అడుగులు. అంత పెద్ద దాని మీద ఇమిడిపోయే ముక్క 40 సెంటీమీటర్ల నౌక మీద ఇమడదు. నా స్కేలులో సెంటీమీటరు చక్రం అంటే మూడున్నర మీటర్ల చక్రం. ముక్కలు ఎన్నైనా పెట్టండి, కానీ ఇంజన్ల దగ్గర, సరుకు ద్వారాల దగ్గర గుంపులుగా పెట్టి, మిగతా చోట ఒంటిని ఖాళీగా వదలండి. ఖాళీ పక్కన ఉంటేనే గుంపు తెలుస్తుంది.

ఇక గీతలు. అతుకు లేని చోట గీత గీయడం ఎవరికైనా కొద్ది సాధనతో పట్టుబడుతుంది. అక్షరాలు పొడిచే లేబుల్ యంత్రంలో వాడే మందపాటి టేపును అంటించి, దాని అంచు వెంట స్క్రైబర్‌ను లాగాలి. బలం పెట్టకూడదు, పరికరం బరువే చాలు. తొలిసారి కనీ కనిపించని గీటు పడుతుంది. మళ్లీ మళ్లీ లాగితే గాడి ఏర్పడి, వెంట్రుక లాంటి ప్లాస్టిక్ పోగు చుట్టలు తిరుగుతూ లేస్తుంది. ఆ పోగు తెగకుండా వస్తోందంటే గాడి సరిగా దిగుతోందన్నమాట.

అతుకు దగ్గరకు రాగానే ఆ పోగు ఆగిపోయి పొడి రాలింది. సందులు పూడ్చే ముద్ద పుట్టీని నింపి, ఆరాక సాపు చేసి, దాని మీదుగా గీయమని అందరూ చెబుతారు. పొల్లు పోకుండా అలాగే చేశాను. పుట్టీలో గాడి అంచులు పెళ్లలుగా ఊడిపోయాయి. సూపర్ గ్లూ నింపమని ఇంకొందరన్నారు. అదీ చేశాను. సూపర్ గ్లూ పూర్తిగా గట్టిపడ్డాక చుట్టూ ఉన్న పాలిస్టైరీన్ కన్నా గట్టిగా ఉంటుంది. మొన మెత్తని ప్లాస్టిక్‌లో నడిచి వచ్చి, ఆ చారను తాకగానే ఎగిరి, అతుకు వెంటే పక్కకు గీరుకుపోయింది. అదే చెయ్యి, అదే పరికరం, అదే టేపు. అతుకుకు ఒక మిల్లీమీటరు ఇవతల ముచ్చటగా ఉన్న గీత అక్కడికి వెళ్లేసరికి ఎందుకు చెడుతోందో అంతుపట్టలేదు.

ఆ దశలోనే మోడల్‌ను ఔత్సాహికులు కలుసుకునే చోటికి పట్టుకెళ్లాను, దారి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటారన్న ఆశతో. అక్కడ బాగా పేరున్న ఒక పెద్దాయన నౌకను చేతిలోకి తీసుకుని, బొటనవేలి గోటితో అతుకు పొడవునా గీరి, "చూడండి, ప్రతి గీతా ఇక్కడికి వచ్చి చచ్చిపోయింది" అని చుట్టూ ఉన్నవాళ్లందరికీ తిప్పి చూపించారు. "మరి ఎలా చెయ్యాలండీ?" అని అడిగాను. "చెయ్యి కుదరాలి బాబూ" అని నౌకను బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. నలుగురు నవ్వారు. నా ముఖం వేడెక్కిపోయింది. ఆ మాట ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది, ఎందుకంటే అది అబద్ధం. సమస్య చేతిలో లేదు, పదార్థంలో ఉంది. తెలిసినవాడు కారణం చెప్పాలి. కారణం తెలియకపోతే తెలియదని చెప్పాలి. వీడియోలు చేసేవాళ్లూ అంతే. అతుకు వచ్చేసరికి కత్తెర వేసి, పూర్తయిన గీతను చూపిస్తారు. కష్టమైన చోట కత్తెర వేస్తే అది నేర్పడం ఎలా అవుతుంది?

పుట్టీ మరీ పొడి, సూపర్ గ్లూ మరీ గట్టి. మధ్యలో నింపేది పక్కనున్న ప్లాస్టిక్‌లాగే తెగాలి. అలా తెగేది ఆ ప్లాస్టిక్ ఒక్కటే. ముక్కలు కత్తిరించుకున్నాక అదే కిట్‌లో మిగిలిన స్ప్రూను చిన్నచిన్నగా తరిగి, సగం ఖాళీ అయిన ద్రవ సిమెంటు సీసాలో వేశాను. ఆ సిమెంటు మామూలు జిగురు కాదు. ప్లాస్టిక్‌నే కరిగించి, తాను ఆవిరైపోయి, రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. స్ప్రూ కరిగి చిక్కటి ద్రవమైంది. అతుకులోని పాత పూతనంతా తోడేసి, దీన్ని పలచటి పొరలుగా నింపాను. కిటికీలు తెరిచి పెట్టండి, ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు.

ఇక్కడ ఓపికే అసలు పని. ద్రావణి ఆవిరయ్యే కొద్దీ పూత కుంచించుకుపోయి అతుకు వెంట పల్లం పడుతుంది. దాని మీద మరో పొర, మళ్లీ ఆరబెట్టడం. ముక్కు దగ్గర పెడితే వాసన రాకూడదు, గోటితో నొక్కితే గుర్తు పడకూడదు. అంతవరకు స్క్రైబర్ ముట్టవద్దు. మెత్తగా ఉండగా గీస్తే గాడి చిరుగుతుంది. తరువాత 400, 600, 1000 నంబరు గరుకు కాగితాలతో తడిపి సాపు చేశాను.

టేపును గొట్టం చుట్టూ తిప్పి రెండు కొనలూ ఖచ్చితంగా కలిసేలా చూసుకున్నాను. వెంట్రుకవాసి తేడా వచ్చినా గీత మరమేకు చుట్టులా పక్కకు పోతుంది. అతుకును ఒక్క ఊపులో దాటకుండా అటు నుంచి కొంత, ఇటు నుంచి కొంత గీసి, మధ్యలో కలిపాను. పోగు లేచింది. అతుకు మీద కూడా తెగకుండా లేచింది! చివరగా పలచటి సిమెంటును కుంచెతో గాడిలో ఒక్కసారి నడిపిస్తే లోపలి నూగంతా కరిగి అంచులు శుభ్రపడ్డాయి. ఇప్పుడు ఏ గోరైనా పెట్టి చూసుకోవచ్చు. గీతల దగ్గర తప్ప ఎక్కడా తగలదు. ఇంత శుభ్రమైన అతుకు నేను చూసిన ఏ నౌక మీదా లేదని గర్వంగానే చెబుతాను.

రంగుకు ముందు వేసే అడుగు పూత, బూడిద రంగు ప్రైమర్ వేశాను, దాచిన లోపాలేవీ బయటపడలేదు. అసలు రంగు ఆరాక నిగనిగలాడే వార్నిష్ ఒక పూత వేసి, ఆ పైనే గీతల్లోకి ముదురు గోధుమ రంగు ఎనామెల్ వాష్, అంటే బాగా పలచన చేసిన రంగు, దింపాలి. వార్నిష్ లేకుండా దింపితే అందులోని ద్రావణి ప్లాస్టిక్‌లోకి చేరి, బిగువు ఉన్న అతుకుల దగ్గర పగుళ్లు రావచ్చు. నలుపు వాష్ వద్దు, ఈ స్కేలులో మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ పనికి ఈ వారాంతం కూర్చుంటాను.