నాలుగు పలకల గాలపు కర్ర: చేసినవారి ఆచూకీ

పాత వెదురు గాలపు కర్రను ఎవరు చేశారో తేల్చేటప్పుడు, దాని మీద ముద్రించిన పేరును అన్నిటికంటే చివర నమ్మాలన్నది నా నిశ్చితాభిప్రాయం. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో పెద్ద దుకాణాలు ఇతరుల చేత కర్రలు చేయించుకొని, వాటిని తమ పేరుతో అమ్మేవి. న్యూయార్క్‌లోని అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ అలాగే అమ్మింది. మాసచూసెట్స్‌లోని మాంటేగ్ సిటీ కంపెనీ ఎందరి పేర్ల మీదనో పెద్ద ఎత్తున కర్రలు తయారుచేసి ఇచ్చింది. పైగా గాలపు దారం చుట్టే రీలును బిగించే లోహపు అమరిక పాడైతే, మరొక కర్ర నుంచి ఊడదీసి దీనికి తగిలించడం మరమ్మతు చేసేవారికి మామూలే. అలాంటప్పుడు ఆ లోహం మీది పేరు ఆ లోహానికే చెందుతుంది గాని వెదురుకు చెందదు.

నేను ఉంటున్న కనెటికట్‌లో ఒక పాత ఇంటి సామాన్ల అమ్మకంలో దొరికిన కర్ర వల్ల ఈ సంగతి నాకు మరింత స్పష్టమైంది. దాని రీలు అమరిక మీద ఏదో దుకాణం పేరు అరిగిపోయి ఉంది. కాని నన్ను ఆకట్టుకున్నది ఆ పేరు కాదు, కర్ర ఆకారం: వేళ్ల మధ్య తిప్పి చూస్తే దానికి నాలుగే పలకలు తగిలాయి.

మామూలుగా ఇలాంటి కర్రకు ఆరు పలకలుంటాయి. వెదురును నిలువునా చీల్చి, ముక్కోణపు బద్దలుగా చిత్రిక పట్టి, గట్టి నార ఉన్న బయటి పొర పైకి వచ్చేటట్టు ఆరింటిని కలిపి అతికిస్తారు; ఒక్కో బద్ద నడిమి కోణం 60 డిగ్రీలు. మెయిన్ రాష్ట్రంలోని బాంగర్‌లో హైరమ్ లెనార్డ్ బద్దలు కోసే యంత్రాన్ని వాడుకలోకి తెచ్చాక ఈ పద్ధతే ప్రమాణమైపోయింది. ఐదు బద్దలతో చేసినవారిలో నాట్ ఉస్లాన్ ప్రసిద్ధుడు. వాటి కోణం 72 డిగ్రీలు, పలకకు ఎదురుగా పలక కాకుండా అంచు వస్తుంది కాబట్టి కొలమానం పెట్టగానే తేడా తెలిసిపోతుంది. నాలుగు బద్దలైతే కోణం 90 డిగ్రీలు. ఆ దారిలో నడిచినవారు బహు కొద్దిమంది కావడంతో, పలకలు లెక్కపెట్టగానే వెతకవలసిన పేర్ల జాబితా ఎంతో కుదించుకుపోతుంది.

తరువాత కాలాన్ని అంచనా వేయాలి. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా కర్రలకు కావలసిన వెదురు మన దేశం నుంచే, కలకత్తా రేవు మీదుగా వెళ్లేది (ఈ వృత్తి చరిత్రలో మన వెదురుకున్న ఈ చోటును తలుచుకుంటే నాకు ఎంతో సంతోషం కలుగుతుంది). ఆ వెదురు మీద తరచుగా నిప్పుతో కాల్చిన మచ్చలు కనిపిస్తాయి. తరువాత దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం నుంచి వచ్చిన టాంకిన్ వెదురు దాని స్థానాన్ని ఆక్రమించింది. నా కర్ర మీద కాల్చిన మచ్చలు లేవు, కణుపులు దూరదూరంగా ఉన్నాయి. అంతకంటే ముఖ్యంగా, గాలపు దారం దూరే రింగుల మధ్య, కర్రకు చుట్టే పట్టుదారపు చుట్లు లేవు. వడ్రంగులు వాడే తోలు జిగురుతో అతికించిన కాలంలో, తేమకు బద్దలు విడిపోకుండా బెత్తెడు దూరానికైనా ఒక చుట్టు వేయవలసి వచ్చేది. జిగురు మెరుగుపడిన కొద్దీ ఆ అవసరం తగ్గింది. కర్ర ముక్కలను ఒకదానికొకటి తగిలించే లోహపు పొన్నులు జర్మన్ సిల్వర్‌వి (ఇది పేరుకే సిల్వర్, నిజానికి రాగి, నికెల్, జింకుల మిశ్రమం). చవక కర్రలకు నికెల్ పూత పూసిన ఇత్తడి పొన్నులు వేసేవారు, అరిగిన చోట పసుపు రంగు బయటపడి వాటిని పట్టిస్తుంది.

ఇవన్నీ ఒకచోట చేరిస్తే ఎడ్వర్డ్స్ కుటుంబం కళ్ల ముందుకు వస్తుంది. లెనార్డ్ దగ్గర పనిచేసిన యూస్టిస్ ఎడ్వర్డ్స్ కుమారుడు బిల్ ఎడ్వర్డ్స్ ఈ కనెటికట్‌లోనే నాలుగు బద్దల కర్రలు చేసి, వాటికి ‘క్వాడ్రేట్’ అని పేరు పెట్టాడు. తరువాతి కాలంలో శామ్ కార్ల్‌సన్ కూడా నాలుగు బద్దల కర్రలు చేశాడు కనుక, ఇద్దరిలో ఎవరన్నది తేలాలి. చీకటి గదిలో దీపాన్ని పక్కవాటుగా పట్టి, కార్కు పిడికి పైనున్న పలకను భూతద్దంతో చూసినప్పుడు, వార్నిషు కింద వెలిసిపోయిన సిరా గీతల్లో ‘క్వాడ్రేట్’లోని చివరి అక్షరాలు కనిపించాయి. దుకాణం పేరున్న లోహపు అమరిక తరువాత వచ్చి చేరిందనడానికి, దాని కింద మరో కొలతకు చెక్కిన గాడి కూడా సాక్ష్యమిచ్చింది.

అందుకే పాత కర్ర చేతికి రాగానే వార్నిషు గీకి కొత్త పూత వేయించేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆ పూతతో పాటు సిరా రాత కూడా పోతుంది, చేసినవాడి సంతకాన్ని మళ్లీ తెప్పించే ఉపాయం లేదు. పొన్నుల కొలతను అంగుళంలో 64వ వంతుల్లో రాసిపెట్టుకోవడం, ముక్కలన్నీ ఒకే పొడవున్నాయో లేదో చూడడం అంతకంటే మేలైన పనులు. ఇలాంటి కర్రకు సాధారణంగా రెండు కొసముక్కలు ఇస్తారు. నా కర్ర కొసముక్కల్లో ఒకటి మిగతావాటితో సమానంగా ఉంది. రెండోది పొట్టిగా ఉండడమే కాక, దానికి ఆరు పలకలున్నాయి. అది వేరెవరి చేతి పనో కాబట్టి దాన్ని విడిగా సంచిలో పెట్టి, ఆ సంగతి చీటీ మీద రాసి కట్టాను.