గేమ్స్ పీరియడ్‌లో స్లిప్ టెస్టు

మొన్న మా వాడి హైస్కూల్లో పేరెంట్స్ మీటింగుకి వెళ్తే హెచ్చెమ్ గారు బీరువా తాళం తీసి మరీ స్పోర్ట్స్ కిట్ చూపించారు. రెండు వాలీబాళ్లు, స్కిప్పింగ్ తాళ్లు, ఓ క్యారమ్ బోర్డు. బోర్డుకి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. "పిల్లల చేతికిస్తే పాడు చేస్తారండీ" అన్నారు. ఆయన్నీ ఏమనలేం, పాడైతే మళ్లీ ఎక్కణ్ణించి తెస్తారు?

కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే బడుల పథకం సమగ్ర శిక్ష కింద హైస్కూలుకి ఆటల గ్రాంటు ఏడాదికి 25,000 రూపాయల వరకు, ప్రైమరీకైతే 5,000. మా స్కూల్లో నాలుగొందల మంది. అక్కడే ఫోన్లో లెక్కేశా, తలకి అరవై రెండున్నర. ఏడాది మొత్తానికి ఓ మసాలా దోసె.

సరే, బంతులొచ్చాయనుకుందాం. ఆడించేదెవరు? ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే డ్రాయింగుకీ వ్యాయామానికీ చేతిపనులకీ పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. మా మరదలు వేరే మండలంలో అదే ఉద్యోగం. పేరుకే పార్ట్ టైమ్, ప్రేయర్ దగ్గర్నుంచి లాంగ్ బెల్ దాకా అక్కడే ఉంటుంది, ఏ టీచరు సెలవు పెట్టినా ఆ క్లాసు ఈమె నెత్తినే, ఆన్‌లైన్ ఎంట్రీలూ ఈమే, కుట్లు నేర్పేది మాత్రం వారానికో పీరియడ్. జీతం ఒక్కోసారి రెండు మూడు నెలలకి పడుతుంది. ఆ జీతమూ సమగ్ర శిక్ష డబ్బే, అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40, ఎవరిది ఆగిందో ఆమెకెవరూ చెప్పరు.

మా రోజుల్లో డ్రాయింగ్ మాస్టారు చాక్‌పీసు బోర్డు మీంచి ఎత్తకుండా నెమలిని వేసేవారు, తోక చివర దాకా, మేం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు. ఆ గదిలో ఇప్పుడు మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో బడుల్ని బాగుచెయ్యడానికి 2019లో మొదలైన నాడు-నేడు పుణ్యమా అని బయట రంగులు బాగానే వేశారు, మరుగుదొడ్లు వచ్చాయి, కాదనను. కానీ గోడకి ఒకసారి పెడితే సరిపోతుంది, మనిషికి నెలనెలా ఇవ్వాలి. అక్కడే వెనక్కి తగ్గుతారు.

ఇంటికొచ్చి మా వాణ్ణి అడిగా, గేమ్స్ పీరియడ్ ఎప్పుడ్రా అని.

"శుక్రవారం లాస్టు పీరియడ్. లెక్కల సారు స్లిప్ టెస్టు పెడతారు."

వచ్చే మీటింగులో ఆ క్యారమ్ బోర్డు కవరు విప్పమని అడుగుతా. పాడైతే తలా అరవై రెండున్నర మేమే వేసుకుంటాం, గవర్నమెంటు ఇచ్చేదీ అంతేగా.