ఆరో రోజు వచ్చిన వ్యాన్

కాన్పు మామూలుగానే అయింది, దాని గురించి చెప్పేదేం లేదు. మూడో రోజు ఇంటికి పంపేశారు. డిశ్చార్జి కాగితంలో బీపీ 128/84 అని ఉంది. ఆ అంకె చూసుకునే ధైర్యంగా ఉన్నాను.

ఐదో రోజు సాయంత్రం తలనొప్పి మొదలైంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరమ్మ నవ్వింది. "పసిబిడ్డతో నిద్రెక్కడిదమ్మా, తలనొప్పి రాకేం చేస్తుంది?" చూపు ఎలా ఉందని ఒక్క మాట అడిగినా సరిపోయేది. ఆ నవ్వును మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

ఆ రాత్రి పాలివ్వడానికి లేస్తే పాప మొహం కనిపించలేదు. చెవులు, జుట్టు కనిపిస్తున్నాయి, మధ్యలో అన్నీ మెరుపు చుక్కలే. కరెంటు పోయిందా అని ఆయన్ని లేపాను. "లైటు వెలుగుతూనే ఉంది కదా" అన్నారు. కుడి పక్కటెముకల కింద పోటు. గ్యాస్ అన్నారు అత్తయ్య. నేనూ అదే నమ్మాను, నమ్మితే భయం తగ్గుతుందని. ఎత్తుకుంటే పడేస్తానేమోనని పాపను మంచం మధ్యలో పడుకోబెట్టి, దాని పాదం పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాను.

పొద్దున బాలింతల్నీ పసిపిల్లల్నీ చూసే మొబైల్ క్లినిక్ వ్యాన్ వచ్చింది. నేను వెళ్ళింది పాప కోసమే, ఒళ్ళు కాస్త పచ్చగా ఉందని. సిస్టర్ పాపను తూచి, వెలుతురులో చూసి, "పాలు బాగా పట్టండి, రేపు మళ్ళీ చూద్దాం. మీరు కూర్చోండి" అంది. నా చేతికి బీపీ పట్టీ చుట్టింది. 172/114. మళ్ళీ చూసింది, అంతే ఉంది. నాకేమీ చెప్పకుండా డ్రైవర్‌ని పిలిచింది.

ఆసుపత్రిలో ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించారు. ఒళ్ళంతా సెగ. ఫోన్లో నవ్విన డాక్టరమ్మే రౌండ్స్‌కి వచ్చి "మంచి టైముకి వచ్చారు" అంది. నాకు నోరు పెగల్లేదు. అడగాల్సింది.

కడుపుతో ఉన్నప్పుడు బీపీ లేనివాళ్ళకీ కాన్పయ్యాక ఆరు వారాల్లోపు ఇలా బీపీ పెరిగిపోవచ్చట. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం మొదటి 24 గంటల్లో, తర్వాత రెండు మూడు రోజులకు, ఆపైన రెండో వారంలో, ఆరో వారంలో తల్లినీ బిడ్డనీ చూడాలి. నా ఆరో రోజు ఆ లెక్కలోనే లేదు. ఆ రోజే వ్యాన్ రావడం దేవుడి దయ అంటుంది అమ్మ. వాళ్ళ రూటు అంతే అంటాను నేను. ఒక్కోసారి అమ్మ మాటే నిజమనిపిస్తుంది. బాలింతకు తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకేసినా, నిద్ర చాలక అని ఎవరన్నా వినకండి, ముందు బీపీ చూపించండి.

పదమూడో రోజు అదే వ్యాన్ వచ్చింది. పాప పసుపు తగ్గింది, పుట్టినప్పటి బరువుకి వచ్చేసింది. నా చేతికి పట్టీ చుడుతుంటే ఊపిరి బిగబట్టాను.

"మామూలుగా ఊపిరి తీసుకోండి, కాలు మీద కాలు తీసేయండి" అంది సిస్టర్.

138/88.